కనిపించని వేలిముద్రలు ఎలా బయటపడతాయి? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో వేలిముద్రల మీద వచ్చిన వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. అందులో గీతల ఆకారాలు, వాటిని పోల్చే పద్ధతి గురించి చెప్పాం కానీ, అసలు కంటికే కనిపించని ముద్రని రసాయనాలతో ఎలా బయటికి తెస్తారో చెప్పలేదు. ఎక్కువమంది అడిగింది అదే. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: సీరియళ్లలో, సినిమాల్లో ఎప్పుడు చూసినా బ్రష్‌తో పౌడర్ అద్దడమే చూపిస్తారు. దానితోనే ముద్ర వచ్చేస్తుంటే మళ్లీ రసాయనాలు ఎందుకు?

జవాబు: పౌడర్‌కి దొరకని ముద్రలు చాలా ఉంటాయి కాబట్టి. నున్నటి గాజు మీద కాసేపటి క్రితం పడిన ముద్ర అయితే పౌడర్ చాలు. అందులో ఇంకా తడి, జిడ్డు ఉంటాయి, పొడి వాటికి అంటుకుంటుంది, గీతలు తేలతాయి. అదే వేలు కాగితాన్ని తాకితే చెమట లోపలికి ఇంకిపోతుంది, పైన పొడి పట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. గాజు మీదిదైనా రోజులు గడిచేకొద్దీ ఎండిపోతుంది, పొడి సరిగ్గా అంటదు.

ఇక్కడ ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికే. వేలిముద్ర అనగానే మనకి గీతల బొమ్మ గుర్తొస్తుంది, ల్యాబులో పనిచేసేవాళ్లకి మాత్రం అది ఆ గీతల వెంట అంటుకున్న పదార్థం. అరచేతుల్లో, వేళ్ల కొసల్లో కొవ్వు గ్రంథులు ఉండవు, చెమట గ్రంథులే ఉంటాయి, ఆ చెమట కూడా దాదాపు అంతా నీరే. నీరు ఆరిపోయాక ఉప్పు, అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టిక్ ఆమ్లం లాంటివి బహు కొద్దిగా మిగులుతాయి. మరి ముద్రలో జిడ్డు ఎక్కడి నుంచి వచ్చిందంటే, మనకి తెలియకుండానే రోజంతా ముఖం, జుట్టు తాకుతూనే ఉంటాం కదా, అక్కడి కొవ్వు వేళ్లకి అంటుకుని, వేళ్ల నుంచి వస్తువు మీదికి వెళ్తుంది. ప్రతి రసాయనమూ వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది. నిన్‌హైడ్రిన్ అమైనో ఆమ్లాలని, సిల్వర్ నైట్రేట్ ఉప్పులోని క్లోరైడ్‌ని, అయోడిన్ ఆవిరి కొవ్వుని. అందుకే నిపుణులు ముందుగా చూసేది వస్తువు చెమటని పీల్చే రకమా, పీల్చని రకమా అని. ఆ తర్వాత అది తడిసిందా, జిడ్డుగా ఉందా, రక్తం ఉందా అని. ఏ సీసా తెరవాలో వస్తువే చెబుతుంది.

ప్రశ్న: ఎన్నో ఏళ్ల క్రితం రాసిన ఉత్తరం మీద కూడా వేలిముద్ర తీయవచ్చని చదివాను. చెమట అన్నాళ్లు ఉంటుందా? నమ్మబుద్ధి కావడం లేదు.

జవాబు: నమ్మండి. కాగితం పొడిగా ఉండి, ఎప్పుడూ తడవకుండా ఉంటే దశాబ్దాల నాటి ముద్ర కూడా వచ్చే అవకాశం ఉంది. చెమటలోని నీరు ఎప్పుడో ఆవిరైపోతుంది, నిజమే. కానీ అమైనో ఆమ్లాలు కాగితంలోని సెల్యులోజ్ పోగులని అంటిపెట్టుకుని, పడినచోటే కదలకుండా ఉండిపోతాయి. అవి అటూ ఇటూ పాకవు కాబట్టి గీతల మధ్య ఖాళీలు కూడా చెక్కుచెదరవు.

వాటిని పట్టిచ్చేది నిన్‌హైడ్రిన్. దీని చరిత్ర ఒకసారి తెలుసుకోవాల్సిందే. 1910లో కేంబ్రిడ్జ్‌లో సీగ్‌ఫ్రీడ్ రూహెమాన్ అనే రసాయన శాస్త్రవేత్త వేరే పదార్థం కోసం ప్రయత్నిస్తుంటే ఇది తయారైంది. చర్మానికి తగిలితే ఊదా రంగు వస్తుందని ఆయన అప్పుడే గమనించాడు. అమైనో ఆమ్లాలతో ఇది ఇచ్చే ఆ ఊదా రంగుకి ఇప్పటికీ ఆయన పేరే ఉంది, రూహెమాన్స్ పర్పుల్ అంటారు. తర్వాత జీవరసాయన ల్యాబుల్లో అమైనో ఆమ్లాలని గుర్తించడానికి దీన్ని తెగ వాడారు. పరిశోధకులు తమ కాగితాల మీద వేళ్ల గుర్తులు ఊదాగా తేలుతున్నాయని, కాగితాన్ని చేత్తో తాకొద్దని జాగ్రత్తపడుతూ వచ్చారు కూడా. అయినా దాన్ని నేరపరిశోధనకి వాడుకోవచ్చని ప్రతిపాదించింది 1954లో, స్వీడన్‌కి చెందిన ఓడెన్, ఫాన్ హోఫ్‌స్టెన్ అనే ఇద్దరు. అంటే మధ్యలో 44 ఏళ్లు గడిచిపోయాయి! ఒక రంగంలో వాళ్లకి చికాకు పెట్టే మరక ఇంకో రంగంలో వాళ్లకి కావలసిన ఆధారమని తెలియడానికి అంత కాలం పట్టింది, నన్ను అడిగితే ఈ చరిత్రలో అన్నింటికన్నా ఆలోచింపజేసేది ఇదే.

పని ఎలా జరుగుతుందంటే, కాగితాన్ని నిన్‌హైడ్రిన్ ద్రావణంలో ఒక్కసారి ముంచి తీసి ఆరనిస్తారు. ఆ తర్వాత సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వేడి, 65 శాతం దాకా తేమ ఉండే పెట్టెలో కొద్ది నిమిషాలు పెడతారు. తేమ లేకపోతే చర్య సరిగ్గా జరగదు, మరీ ఎక్కువైతే కాగితమంతా ఊదా రంగు ఎక్కుతుంది. ముద్ర తేలుతున్నప్పుడు దగ్గరగా చూస్తే చాలాసార్లు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. గీత పొడవునా వరసగా ఉండే చెమట రంధ్రాల దగ్గరే అమైనో ఆమ్లాలు ఎక్కువ పడతాయి కాబట్టి. ఆ చుక్కలు దగ్గరదగ్గరగా చేరి గీతలా కనబడతాయి. తొందర లేకపోతే వేడి అక్కర్లేదు, చీకట్లో మామూలు గది ఉష్ణోగ్రతలోనే రోజుల తరబడి ఉంచినా ముద్ర వస్తుంది, కాగితం కూడా శుభ్రంగా ఉంటుంది.

ఇందులో ఇంకో తంటా ఉంది. నిన్‌హైడ్రిన్‌ని ఆల్కహాల్, అసిటోన్ లాంటివాటిలో కలిపితే ఉత్తరంలోని ఇంకు కరిగిపోతుంది. ముద్ర దొరికినా రాత పోతుంది, రాత కూడా ఆధారమే కదా. అందుకని ఇంకుని కరిగించని, మంట అంటుకోని సీఎఫ్‌సీ-113 అనే ద్రవాన్ని చాలాకాలం వాడారు. అది ఓజోన్ పొరకి చేటని మాంట్రియల్ ఒప్పందం కింద ఆపేయాల్సి వచ్చాక దాని బదులు హెచ్‌ఎఫ్‌ఈ-7100 అనే ద్రవం వచ్చింది. ఎక్కడో ఆకాశంలో ఓజోన్ కోసం చేసుకున్న ఒప్పందం వల్ల వేలిముద్రల ల్యాబుల్లో ఫార్ములా మార్చుకోవాల్సి వచ్చిందన్నమాట. రసీదుల్లో వాడే థర్మల్ కాగితమైతే మరీ కష్టం. కొన్ని ద్రావకాలు తగిలితే దాని పూత నల్లబడిపోతుంది, దానికి వేరే పద్ధతులు ఉన్నాయి.

ఇప్పుడు నిన్‌హైడ్రిన్ కంటే ముందు డీఎఫ్‌ఓ, లేదా జింక్ కలిపిన 1,2-ఇండేన్‌డయోన్ వాడటం మామూలైపోయింది. ఇవీ అమైనో ఆమ్లాలతోనే కలుస్తాయి, కాకపోతే ముద్ర ఫ్లోరోసెన్స్‌తో మెరుస్తుంది. ఆకుపచ్చ కాంతి వేసి తగిన రంగు ఫిల్టర్ గుండా చూస్తే చీకట్లో గీతలు వెలుగుతూ కనిపిస్తాయి. మామూలు వెలుతురులో కనిపించీ కనిపించని ముద్ర కూడా అలా దొరికిపోతుంది. డీఎఫ్‌ఓకి సుమారు 100 డిగ్రీల పొడి వేడి 20 నిమిషాలు కావాలి. దీని తర్వాత నిన్‌హైడ్రిన్ వాడితే ఇంకొన్ని ముద్రలు రావచ్చు. కానీ ముందే నిన్‌హైడ్రిన్ వేసేస్తే డీఎఫ్‌ఓకి దారి మూసేసినట్టే.

ప్రశ్న: కాగితం వానలో తడిసిపోతే ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. నీటిలో ఉప్పు, అమైనో ఆమ్లాలు కరిగి కొట్టుకుపోతాయి, కాబట్టి నిన్‌హైడ్రిన్ పనికిరాదు. కానీ కొవ్వు నీటిలో కరగదు కదా, అది అక్కడే ఉంటుంది. దాని కోసం ఫిజికల్ డెవలపర్ అనే ద్రావణం ఉంది. ఇందులో వెండి అయాన్లు, ఇనుము లవణాలు ఉంటాయి, ద్రావణంలోని వెండి మెల్లమెల్లగా లోహంగా మారుతూ ముద్ర ఉన్నచోట పేరుకుంటుంది. గీతలు బూడిద రంగులోనో, నల్లగానో తేలతాయి. కాగితంలో సుద్ద ఉంటే మొత్తం నల్లబడిపోతుంది కాబట్టి ముందు బలహీనమైన ఆమ్లంలో కడగాలి. పాత్ర ఏమాత్రం మురికిగా ఉన్నా, గీత పడి ఉన్నా వెండి అక్కడే పేరుకుపోయి ద్రావణం పాడవుతుంది. ఓపిక కావాల్సిన పని. ఇంత ఇబ్బంది లేకుండా కొవ్వుకి ఎర్ర రంగు పట్టించే ఆయిల్ రెడ్ ఓ అనే రంజకాన్ని కూడా 2000ల నుంచి వాడుతున్నారు.

సిల్వర్ నైట్రేట్ గురించి కూడా ఒకరు అడిగారు. 19వ శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి అది. చెమటలోని క్లోరైడ్‌తో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది, వెలుతురు తగిలితే నల్లబడుతుంది. కానీ కాసేపటికి కాగితం మొత్తం నల్లబడుతుంది, తడిసిన కాగితానికి అసలే పనికిరాదు. ఇప్పుడు దాని వాడకం బాగా తగ్గిపోయింది.

ప్రశ్న: సూపర్ గ్లూ ఆవిరితో వేలిముద్రలు తీస్తారని మా సార్ చెప్పారు. నిజమా, లేక మమ్మల్ని ఆటపట్టించారా?

జవాబు: మీ సార్ నిజమే చెప్పారు. 1970ల చివర్లో జపాన్ పోలీసు ల్యాబులో ఇది బయటపడింది. ఒక హత్య కేసులో వెంట్రుకలని పరీక్షించే నిపుణుడు వాటిని గాజు స్లైడ్ల మీద సూపర్ గ్లూతో అతికిస్తుంటే, ఆ గాజు మీద తన వేలిముద్రలే తెల్లగా తేలడం గమనించాడు. ఆయన ఆ సంగతి వేలిముద్రల విభాగంలో ఉన్న మసాటో సోబాకి చెప్పాడు, సోబా దాన్ని పద్ధతిగా తీర్చిదిద్దాడు. జపాన్‌లో ఉన్న అమెరికా సైనిక ల్యాబు వాళ్ల ద్వారా అది అమెరికాకి వెళ్లింది, 1980లలో అన్ని దేశాలకీ పాకింది. వేరేవాళ్లయితే స్లైడ్ పాడైందని తుడిచి పారేసేవాళ్లేమో!

సూపర్ గ్లూలో ఉండేది సయనోఅక్రిలేట్ అనే పదార్థం. దాని అణువులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుపోయి గట్టిపడటానికి చాలా చిన్న ప్రేరణ చాలు, కొద్దిపాటి తేమ ఉన్నా మొదలవుతుంది. వేలికి అంటితే అంత గట్టిగా పట్టేసేది అందుకే. ముద్రలోని తేమ, లాక్టిక్ ఆమ్లం లాంటి చెమట పదార్థాలు ఆ ప్రేరణనిస్తాయి. కాబట్టి గాలిలో ఉన్న ఆవిరి ముద్ర గీతల మీదే వాలి, అక్కడే గట్టిపడి, తెల్లటి పాలిమర్‌గా పేరుకుంటుంది. ప్లాస్టిక్, గాజు, లోహం, వార్నిష్ వేసిన చెక్క, ఇలా చెమటని పీల్చని వస్తువులన్నింటికీ ఇదే మొదట గుర్తొచ్చే పద్ధతి.

ల్యాబులో వస్తువుని గాలి చొరబడని పెట్టెలో వేలాడదీసి, తేమని సుమారు 80 శాతానికి తెచ్చి, జిగురుని దాదాపు 120 డిగ్రీల దాకా వేడిచేసి ఆవిరి వదులుతారు. పెట్టె అద్దంలోంచి చూస్తూనే ఉండాలి. ముద్ర తేలగానే ఆపేయాలి. ఇంకొంచెం బాగా వస్తుందేమో అని ఆశపడి వదిలేస్తే గీతల మధ్య ఖాళీలు కూడా తెల్లబడిపోతాయి. గట్టిపడ్డ పాలిమర్‌ని గీతల మధ్య నుంచి తీసి ముద్రని మళ్లీ మామూలుగా చేయడం కుదరదు. అందుకే ఈ పనిలో అనుభవజ్ఞులు ఎప్పుడూ కొంచెం ముందే ఆపుతారు, తక్కువైతే మళ్లీ పెట్టుకోవచ్చు. తెల్లటి ప్లాస్టిక్ మీద తెల్లటి ముద్ర ఎలా కనిపిస్తుందని మీకు అనుమానం రావచ్చు. దానికి రోడమిన్ 6జీ, బేసిక్ ఎల్లో 40 లాంటి ఫ్లోరోసెంట్ రంగులు ఉన్నాయి. అవి పాలిమర్‌కి పట్టుకుంటాయి, మిగతాది కడిగేసి సరైన కాంతిలో చూస్తే ముద్ర మెరుస్తుంది.

పల్చటి ప్లాస్టిక్ సంచులకి ఇంకా సున్నితమైన పద్ధతి ఉంది. గాలి తీసేసిన పెట్టెలో ముందు బంగారాన్ని, తర్వాత జింక్‌ని ఆవిరి చేస్తారు. బంగారం సంచి అంతటా కంటికి కనిపించనంత పల్చగా పరుచుకుంటుంది, గీతల దగ్గర మాత్రం కొవ్వులోకి దిగిపోతుంది. జింక్‌కి బంగారం పైకి దొరికినచోటే వాలడం వస్తుంది. దాంతో సంచంతా లోహపు పూత పడి గీతలు మాత్రం ఖాళీగా మిగులుతాయి. టేపుకి జిగురున్న వైపు పడిన ముద్రలకైతే జెన్షియన్ వయొలెట్ రంగు వాడతారు.

ప్రశ్న: మా స్కూల్లో సైన్స్ ఫెయిర్ ఉంది. ఇవన్నీ చేసి చూపిద్దామనుకుంటున్నాం. ఏది తేలిక?

జవాబు: ఇవన్నీ చేయకండి. సూపర్ గ్లూని స్టవ్ మీదో, ఇంకెక్కడో వేడిచేయడం అసలే వద్దు. ఆవిరి కళ్లని, ఊపిరితిత్తులని మండిస్తుంది, మరీ ఎక్కువ వేడెక్కితే విషపూరితమైన హైడ్రోజన్ సయనైడ్ కూడా రావచ్చు. దూది మీద, నూలు బట్ట మీద ఒలికితే దానంతటదే బాగా వేడెక్కి చర్మం కాలుతుంది. నిన్‌హైడ్రిన్ చర్మానికి అంటితే ఊదా మరక రోజుల తరబడి పోదు.

చూపించడానికి బాగుండేది అయోడిన్. స్కూలు ల్యాబులో, టీచర్ పక్కన ఉండగా, ఆవిర్లు బయటికి లాగేసే ఫ్యూమ్ కప్‌బోర్డు లోపల మాత్రమే చేయాలి. అయోడిన్ పలుకులు కొద్దిగా వేడెక్కితే ఊదా రంగు ఆవిరి వస్తుంది, అది ముద్రలోని కొవ్వులోకి చేరి గీతలు గోధుమ రంగులో కనిపిస్తాయి. అక్కడ జరిగేది శాశ్వతమైన రసాయన మార్పు కాదు, అయోడిన్ కొవ్వులో కాసేపు ఇరుక్కుంటుంది, అంతే. కాబట్టి కాసేపటికి ముద్ర మాయమైపోతుంది. పిండిపదార్థం ద్రావణం చిలకరిస్తే నీలంగా మారి నిలబడుతుంది, లేదంటే వెంటనే ఫోటో తీసుకోండి. ఫ్యూమ్ కప్‌బోర్డు లేకపోతే అయోడిన్ జోలికి కూడా వెళ్లకండి, గాజు గ్లాసు మీద పెన్సిల్ ములుకు పొడి మెత్తటి బ్రష్‌తో అద్ది, పారదర్శక టేపుతో ఎత్తి తెల్ల కాగితం మీద అతికించండి. పక్కన ఒక చార్టు పెట్టి ఏ పదార్థాన్ని ఏ రసాయనం పట్టుకుంటుందో రాస్తే చాలు, చూసేవాళ్లకి బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: రక్తంలో పడిన వేలిముద్రకి లూమినాల్ వాడతారు కదా?

జవాబు: రక్తం ఎక్కడుందో వెతకడానికి లూమినాల్ పనికొస్తుంది. గీతలు చూడటానికి మాత్రం మంచిది కాదు, ద్రవం చిలకరించగానే రక్తం పాకి గీతలు చెదిరిపోతాయి, మెరుపు కూడా కాసేపే. ముద్ర కోసమైతే ముందు రక్తంలోని ప్రోటీన్ కరిగిపోకుండా స్థిరపరచి, ఆ తర్వాత ప్రోటీన్‌కి ముదురు నీలం రంగు పట్టించే అమిడో బ్లాక్ లాంటివి వాడతారు.

ప్రశ్న: ముద్ర ఎప్పుడు పడిందో రసాయనాలు చెప్పగలవా?

జవాబు: నమ్మకంగా చెప్పే పద్ధతి ఇప్పటికీ లేదు. ముద్ర ఎంత త్వరగా మారుతుందనేది ఎండ, గాలి, వేడి, వస్తువు, మనిషి, ఇన్నింటి మీద ఆధారపడుతుంది. నిన్నటిది పాతదానిలా, పాతది నిన్నటిదానిలా కనిపించవచ్చు. 1990లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీలో చేసిన పనిలో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. యుక్తవయసు రాని పిల్లల ముద్రల్లో త్వరగా ఆవిరైపోయే తేలికపాటి కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, పెద్దవాళ్ల ముద్రల్లో బరువైన, నిలబడే కొవ్వులు ఎక్కువ. అందుకే పిల్లల ముద్రలు త్వరగా మాయమవుతాయి. తప్పిపోయిన పిల్లల కేసుల్లో ముద్ర దొరకనంత మాత్రాన ఆ బిడ్డ అక్కడ లేదని అనుకోకూడదు. ఈ సంగతి పోలీసులకే కాదు, కోర్టుల్లో వాదించేవాళ్లకీ తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: ముద్ర స్పష్టంగా వచ్చిందంటే దొంగ దొరికినట్టే కదా?

జవాబు: అలా అనుకునే ప్రమాదం ఉంది కాబట్టే ఈ ప్రశ్న వేసుకున్నాం. రసాయనం ముద్రని చూపిస్తుంది. అది ఎవరిదో తేల్చేది మనిషి కన్ను, కంప్యూటర్ ఎంత సాయం చేసినా సరే. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలినప్పుడు డిటొనేటర్లు ఉన్న ప్లాస్టిక్ సంచి మీద ఒక ముద్ర దొరికింది. అది అమెరికాలోని ఒక లాయరుదని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చేశారు, ఆయన్ని మే నెలలో అరెస్టు చేసి సుమారు రెండు వారాలు ఉంచారు. స్పెయిన్ పోలీసులు మొదటి నుంచీ ఒప్పుకోలేదు, చివరికి అది అల్జీరియాకి చెందిన మరో వ్యక్తిదని గుర్తించారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. అక్కడ తప్పు జరిగింది ముద్రని బయటికి తీయడంలో కాదు, పోల్చడంలో. ఇంకోటి, ముద్ర నిజంగా ఆ మనిషిదే అయినా అతను ఆ వస్తువుని తాకాడనే దాని అర్థం. ఎప్పుడు, ఎందుకు తాకాడన్నది వేరే ఆధారాలతో తేలాలి.

ప్రశ్న: మాకు బెదిరింపు ఉత్తరం లాంటిది వస్తే పోలీసులకి ఇచ్చేదాకా ఎలా ఉంచాలి?

జవాబు: ముందు దాన్ని చేతులు మారనివ్వకండి, ఇంట్లో అందరూ తలోసారి చదివితే అందరి ముద్రలూ దానిమీద చేరతాయి. అంచు పట్టుకుని పొడిగా ఉన్న కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, లోపల చెమ్మ పట్టి అమైనో ఆమ్లాలు చెదిరిపోతాయి. కవరు మీద రాయాల్సింది ఉంటే ఉత్తరం లోపల పెట్టక ముందే రాయండి. గ్లాసు, సీసా లాంటివైతే ముద్ర పడి ఉండే చోట ఏదీ రాసుకోకుండా అట్టపెట్టెలో కదలకుండా నిలబెట్టండి. తడిసి ఉంటే ఎండలోనో, హెయిర్ డ్రయ్యర్‌తోనో ఆరబెట్టకుండా గదిలో గాలికి ఆరనివ్వండి. ఇంట్లో ఎవరెవరు తాకారో గుర్తున్నంతవరకు రాసి ఇవ్వండి, వాళ్ల ముద్రలు తీసుకుని వేరు చేసుకుంటారు. పౌడర్ అద్ది మీరే చూసే ప్రయత్నం మాత్రం చేయకండి, దాని తర్వాత ల్యాబులో వాడాల్సిన డీఎఫ్‌ఓ, నిన్‌హైడ్రిన్‌ల పని పాడవుతుంది.